కాలేజ్ ఫుట్‌బాల్ ప్లేఆఫ్‌కి టీముల ఎంపిక న్యాయంగా జరుగుతోందా? నోటర్ డేమ్ విషయంలో అసలేం జరిగింది?

ప్రశ్న అడిగినవారు టెక్సస్‌లో ఎమ్మెస్ చేస్తున్నారట, రూమ్మేట్ నోటర్ డేమ్ వీరాభిమానట. కాలేజ్ ఫుట్‌బాల్ ప్లేఆఫ్ అంటే అమెరికన్ ఫుట్‌బాల్‌లో కాలేజీ టీముల ఛాంపియన్‌ని తేల్చే నాకౌట్, 2025లో 12 చోట్లు, ఎవరెవరు ఆడాలో ఒక కమిటీ ర్యాంకులిచ్చి తేలుస్తుంది. 2025 సీజన్‌లో మయామీ, నోటర్ డేమ్ అనే రెండు కాలేజీ టీములూ 10 గెలిచి 2 ఓడాయి. చివరి లిస్టుకి ముందు వారం దాకా కమిటీ ర్యాంకుల్లో నోటర్ డేమ్ పైన ఉంది, చివరి వారాంతంలో రెండు టీములూ మ్యాచే ఆడలేదు, అయినా ఆదివారం పొద్దున లిస్టు వచ్చేసరికి మయామీ లోపల, నోటర్ డేమ్ బయట. ఇదేం లెక్క, ముందే ఫిక్స్ చేసుకుంటారా, టీవీ వాళ్ల హస్తం ఏమైనా ఉందా, ఈ మనుషుల్ని తీసేసి కంప్యూటర్‌కి అప్పగిస్తే గొడవ వదిలిపోదా అని ఆయన ప్రశ్న.

సూటిగా చెప్తాను. ఫిక్సింగ్ కాదు. న్యాయంగా ఉందా అంటే, లేదు. మయామీని తీసుకోవడం నా దృష్టిలో సరైన నిర్ణయమే, దాన్ని చేరుకున్న పద్ధతే బాగాలేదు. కమిటీ దగ్గర రెండు ప్రశ్నలు ఉంటాయి. ఇవాళ మైదానంలోకి దిగితే ఎవరు గెలుస్తారు అన్నది ఒకటి, సీజన్ మొత్తం మీద ఎవరు ఈ చోటు సంపాదించుకున్నారు అన్నది రెండోది. ఈ రెంటికీ జవాబులు చాలాసార్లు వేరు వేరుగా వస్తాయి. ఏ ఏడాది ఏ ప్రశ్న అడుగుతారో ముందు చెప్పరు, కొన్నిసార్లు ఒకే ఏడాదిలో ఒక టీముకి మొదటిది, ఇంకో టీముకి రెండోది అడుగుతారు. ఏ ఎండకా గొడుగు అన్నమాట.

నా సంగతి ఒక్క ముక్కలో: నేను స్టాటిస్టిక్స్ చదివి ఇన్సూరెన్స్ రంగంలో రిస్క్ మోడల్స్ చేసుకుంటూ బతుకుతున్నాను, డాలస్ దగ్గర ఉంటాను, కాలేజ్ ఫుట్‌బాల్ ర్యాంకింగ్ మోడల్స్ రాసుకోవడం నాకు వారాంతపు పిచ్చి. శనివారం రాత్రి స్కోర్లు ఎక్కించి ఆదివారం రన్ చేసి, మంగళవారం కమిటీ లిస్టుతో పోల్చి ఇంట్లోవాళ్లని విసిగిస్తుంటాను.

ముందు ఈ ఆటలో ఉన్న చిక్కు ఏంటో చూడండి. ఐపీఎల్‌లో 10 టీములు, తలా 14 మ్యాచులు, ప్రతి టీమూ మిగతా తొమ్మిదింటితోనూ కనీసం ఒకసారి తలపడుతుంది, పాయింట్ల పట్టిక చూస్తే చాలు. ఇక్కడ పై డివిజన్‌లో 2025 లెక్కకి 136 టీములు. ఒక్కోటీ ఆడేది 12 మ్యాచులు, కాన్ఫరెన్స్ (కొన్ని కాలేజీలు కలిసి నడుపుకునే లీగు) ఫైనల్‌కి వెళ్తే 13. 136 టీముల మధ్య సాధ్యమయ్యే జంటలు 9,180. సీజన్‌లో నిజంగా జరిగే మ్యాచులు 800 చుట్టుపక్కల, అంటే పదో వంతు కూడా లేవు. పైగా వాటిలో ఎక్కువ భాగం సొంత కాన్ఫరెన్స్ లోపలే అయిపోతాయి. ఎస్‌ఈసీ, బిగ్ టెన్ అనే రెండు పెద్ద కాన్ఫరెన్సుల్లో ఏది గొప్పదో తేల్చడానికి సెప్టెంబర్‌లో జరిగే గుప్పెడు మ్యాచులే ఆధారం, ఆ సెప్టెంబర్ టీమూ డిసెంబర్ టీమూ ఒకటే అనుకోవాలి మళ్లీ. ఇంత తక్కువ సమాచారంతో 10వ టీముకీ 11వ టీముకీ మధ్య గీత గీయమంటే మనిషైనా మెషినైనా తడబడక తప్పదు. ఇది ఎవరి తప్పూ కాదు. 2024లో పాక్-12 అనే కాన్ఫరెన్స్ చెదిరిపోయి బిగ్ టెన్ 18 టీములకీ, ఎస్‌ఈసీ 16 టీములకీ పెరిగాక ఒకే కాన్ఫరెన్స్‌లో ఉన్న రెండు టీముల షెడ్యూళ్లే ఒకదానితో ఒకటి పోల్చుకోలేనంత తేడాగా ఉంటున్నాయి.

ఇప్పుడు కమిటీ ఓటు వేసే తీరు చూద్దాం, ఎందుకంటే మీ రూమ్మేట్ కోపానికి కారణం సరిగ్గా అక్కడే ఉంది. కమిటీలో 13 మంది. దాదాపు సగం మంది కాలేజీల్లో అథ్లెటిక్ డైరెక్టర్లుగా (క్రీడా విభాగం అధిపతులుగా) పనిచేస్తున్నవాళ్లు, మిగతావాళ్లు పాత కోచ్‌లు, పాత ఆటగాళ్లు, అలాంటివాళ్లు. కలుసుకునేది ఇక్కడే, డాలస్ ఎయిర్‌పోర్టు పక్కన గ్రేప్‌వైన్‌లో ఒక పెద్ద హోటల్లో. ఒక్కసారిగా 1 నుంచి 25 దాకా రాసెయ్యరు. ముందు ఆరు టీముల గుంపు తీస్తారు, ప్రతి సభ్యుడూ ఆ ఆరింటికీ ర్యాంకులు ఇస్తాడు, పైన వచ్చిన మూడింటిని లిస్టులో పెట్టేస్తారు, మిగిలిన మూడింటికి కొత్తగా ఇంకో మూడు కలిపి మళ్లీ ఆరు చేస్తారు. ఇలా కిందకి దిగుతూ పోతారు. సొంత కాలేజీ గురించి చర్చ వస్తే ఆ సభ్యుడు గదిలోంచి బయటికి వెళ్లిపోవాలి. కానీ సొంత కాన్ఫరెన్స్ గురించి వస్తే వెళ్లక్కర్లేదు. ఎస్‌ఈసీ కాలేజీ డైరెక్టర్ ఇంకో ఎస్‌ఈసీ టీముకి నిక్షేపంగా ఓటు వెయ్యొచ్చు. 2025 సీజన్‌లో ఆ టీము లోపలికొస్తే వచ్చే డబ్బు కాన్ఫరెన్స్‌కి వెళ్లేది, అందులో తన కాలేజీకీ వాటా ఉండేది, అయినా సరే.

వాళ్లు చూడాల్సిన అంశాలు కూడా రాసే ఉన్నాయి. కాన్ఫరెన్స్ టైటిల్, షెడ్యూల్ ఎంత గట్టిది, ముఖాముఖి ఫలితం, ఇద్దరూ ఆడిన ఉమ్మడి ప్రత్యర్థులు, కీలక ఆటగాళ్లు అందుబాటులో లేకపోవడం లాంటి ఇతర విషయాలు. దేనికి ఎంత వెయిటేజీ అన్నది మాత్రం ఎక్కడా ఉండదు. ముఖాముఖి ఫలితాన్ని ఎప్పుడు చూడాలి అన్నది కూడా ఉండదు.

ఇక నోటర్ డేమ్ కథ. ఆగస్టు 31న మయామీ నోటర్ డేమ్‌ని 27-24తో ఓడించింది. తర్వాతి మ్యాచులో నోటర్ డేమ్ వాళ్లు టెక్సస్ ఎ అండ్ ఎమ్ చేతిలో 41-40తో ఓడారు, ఆ తర్వాత వరసగా పది గెలిచారు. మయామీ మధ్యలో లూయీవిల్ చేతిలో, ఎస్‌ఎమ్‌యూ చేతిలో ఓడింది, ఆ రెండూ ఓడాల్సిన టీములు కావని అందరూ అనుకున్నారు. నవంబర్ మొదట్లో కమిటీ తొలి లిస్టులో నోటర్ డేమ్ 10, మయామీ 18. మధ్యలో బోలెడు టీములు ఉన్నాయి కాబట్టి రెంటినీ పక్కపక్కన పెట్టి చూడలేదు. సీజన్ అయిపోయే వారానికి అలబామా 9, నోటర్ డేమ్ 10, బీవైయూ 11, మయామీ 12. చివరి వారాంతంలో బిగ్ 12 కాన్ఫరెన్స్ ఫైనల్లో బీవైయూ టెక్సస్ టెక్ చేతిలో 34-7తో చిత్తయింది, కిందకి జారింది. దాంతో నోటర్ డేమ్, మయామీల మధ్య ఉన్న అడ్డు తొలగింది. ఇప్పుడు రెండూ పక్కపక్కన ఉన్నాయి కదా, ముఖాముఖి చూద్దాం అన్నారు, చూస్తే మయామీ గెలిచింది. మయామీ 10, నోటర్ డేమ్ 11. చిన్న కాన్ఫరెన్సుల ఛాంపియన్లు టులేన్, జేమ్స్ మాడిసన్‌లకి రెండు చోట్లు నిబంధన ప్రకారం పోతాయి కాబట్టి ఆ ఏడు 10వ ర్యాంకు దగ్గర తలుపు మూశారు.

ఆగస్టులో జరిగిన మ్యాచ్ ఫలితం డిసెంబర్ దాకా మారలేదు. ఆ ఫలితం లెక్కలోకి రావాలా వద్దా అన్నది మాత్రం మూడో టీము ఎక్కడ ఉందన్నదాన్ని బట్టి మారింది. ఓటింగ్ సిద్ధాంతం చదివినవాళ్లకి ఇది పాత జబ్బే, సంబంధం లేని మూడో అభ్యర్థి ఇద్దరి మధ్య వరస మార్చేయడం. బీవైయూ గెలిచి ఉంటే నోటర్ డేమ్, మయామీల మధ్య వరస తిరగబడేది కాదేమో! ఇదీ నా ఫిర్యాదు. నవంబర్ నుంచే మయామీని పైన పెట్టి ఉంటే నోటర్ డేమ్ వాళ్లు కూడా సణిగి ఊరుకునేవాళ్లు. వారం వారం టీవీలో మీరే పైన అని చూపించి ఆఖరి రోజు కింద పెడితే ఎవరికైనా కడుపు మండుతుంది. వాళ్లు ఆ కోపంలో బౌల్ గేమ్ (సీజన్ అయ్యాక ఆహ్వానం మీద ఆడే మ్యాచ్) కూడా ఆడం పొమ్మన్నారు, అది కొంచెం అతి అనిపించింది నాకు.

కానీ నన్నడిగితే ఆ రోజు నిలదీయాల్సింది మయామీని కాదు, అలబామాని. అదే వారాంతం ఎస్‌ఈసీ ఫైనల్లో జార్జియా చేతిలో 28-7తో ఓడింది, మూడో ఓటమి, అందులో మొదటిది సీజన్ మొదట్లోనే ఫ్లోరిడా స్టేట్ చేతిలో, ఆ ఫ్లోరిడా స్టేట్ సీజన్ ముగించింది 5 గెలిచి 7 ఓడి. అయినా అలబామా 9వ చోటు నుంచి ఒక్క అంగుళం కదల్లేదు. కాన్ఫరెన్స్ ఫైనల్ దాకా వెళ్లడమే గొప్ప, అక్కడ ఓడినందుకు శిక్షించకూడదు అన్నది వాదన. మంచి వాదనే, నేనూ ఒప్పుకుంటాను. మరి అదే రోజు తన కాన్ఫరెన్స్ ఫైనల్లో ఓడిన బీవైయూ కిందకెందుకు జారింది? వాళ్లకి ఓటములు రెండే, రెండూ టెక్సస్ టెక్ చేతిలోనే. ఓటమి తేడా 21 పాయింట్లయితే ఒక నిబంధన, 27 అయితే ఇంకో నిబంధన ఉందా? ముఖం చూసి బొట్టు పెట్టడం అంటే ఇదే. కుట్ర అని నేననను, పెద్ద పేరున్న టీము విషయంలో అనుమానం వస్తే దానివైపే మొగ్గడం మనుషులకి సహజం, 13 మంది ఒకే వైపు కొద్దికొద్దిగా మొగ్గితే చాలు.

ఈ రెండు ప్రశ్నల గందరగోళానికి అసలైన ఉదాహరణ 2023. అప్పుడు నాలుగే చోట్లు. ఫ్లోరిడా స్టేట్ 13కి 13 గెలిచింది, ఏసీసీ అనే పెద్ద కాన్ఫరెన్స్ ఛాంపియన్. నవంబర్‌లో వాళ్ల క్వార్టర్‌బ్యాక్ (దాడిని నడిపించే కీలక ఆటగాడు) జోర్డన్ ట్రావిస్ కాలు విరిగింది. అతను లేకుండానే మిగతా మ్యాచులు గెలిచారు, ఏసీసీ ఫైనల్లో లూయీవిల్‌ని 16-6తో ఓడించారు, కాకపోతే చూడటానికి ఆట బాగాలేదు. అలబామా 12-1, అంటే 12 గెలుపులు ఒక ఓటమి, సెప్టెంబర్‌లో సొంత మైదానంలో టెక్సస్ చేతిలో 34-24తో ఓడింది, కానీ ఎస్‌ఈసీ ఫైనల్లో జార్జియాని 27-24తో కొట్టింది. కమిటీ అలబామాని నాలుగులో, ఫ్లోరిడా స్టేట్‌ని ఐదులో పెట్టింది. పెద్ద కాన్ఫరెన్స్ ఛాంపియన్ ఒక్కటీ ఓడకుండా బయట ఉండిపోవడం ఆ నాలుగు టీముల పద్ధతిలో అదే మొదటిసారి. అక్కడ అడిగింది పూర్తిగా మొదటి ప్రశ్న, ఇవాళ ఆడితే ఎవరు గెలుస్తారు అని.

సరే, అదే పద్ధతి అనుకుందాం. ఏడాది తిరిగేసరికి 2024 చివరి చోటుకి ఎస్‌ఎమ్‌యూ, అలబామా పోటీ పడ్డాయి. ఎస్‌ఎమ్‌యూ 11-2, ఏసీసీ ఫైనల్లో క్లెమ్సన్ 56 గజాల ఫీల్డ్ గోల్ (బంతిని తన్ని చేసే గోల్) కొడితే 34-31తో ఓడింది. అలబామా 9-3, వాండర్‌బిల్ట్ చేతిలో 40-35తో, ఓక్లహోమా చేతిలో 24-3తో ఓడింది. బెట్టింగ్ వాళ్లని ఇవాళ ఆడితే ఎవరు అని అడిగితే చాలామంది అలబామా అనేవాళ్లు. కమిటీ ఎస్‌ఎమ్‌యూని తీసుకుంది. అంటే ఆ ఏడు అడిగింది రెండో ప్రశ్న, ఎవరు సంపాదించుకున్నారు అని. నేను రెండో ప్రశ్న పక్షం కాబట్టి 2024 నిర్ణయం నాకు నచ్చింది, 2023ది నచ్చలేదు, కానీ నా ఇష్టాన్ని పక్కన పెట్టండి. ఫ్లోరిడా స్టేట్ పిల్లలు సెప్టెంబర్‌లో దిగినప్పుడు అన్నీ గెలిస్తే చాలు అనుకునే దిగారు కదా.

(ఆ తర్వాత ఆరెంజ్ బౌల్‌లో ఫ్లోరిడా స్టేట్ జార్జియా చేతిలో 63-3తో ఓడింది చూశారా, కమిటీ చేసింది కరెక్టే అని ఎవరైనా అంటే నమ్మకండి. సగం టీము ఆడనే లేదు ఆ మ్యాచ్. అలాగే 2025లో మయామీ ఫైనల్ దాకా వెళ్లి ఇండియానా చేతిలో 27-21తో ఓడింది కాబట్టి కమిటీ గొప్పది అనడం కూడా చెల్లదు. ఎంపిక రోజు చేతిలో ఉన్న సమాచారంతోనే ఎంపికని తూచాలి. 2024, 2025 రెండేళ్లలో మొదటి రౌండ్ ఆడకుండా నేరుగా రెండో రౌండ్‌కి వెళ్లే అవకాశం (బై) దొరికిన ఎనిమిది టీముల్లో ఏడు తమ మొదటి మ్యాచ్‌లోనే ఇంటికెళ్లాయి, దాన్ని బట్టి ర్యాంకింగ్ అంతా తలకిందులు అనుకుందామా?)

ఓటములు లెక్కపెట్టడం ఎందుకు సరిపోదు. దీన్ని చిన్న లెక్కతో చూపిస్తాను, మీరూ కాగితం మీద చేసుకోవచ్చు. ఒక మంచి టీము ఉంది. బలహీనమైన ప్రత్యర్థి మీద గెలిచే అవకాశం 95 శాతం, గట్టి ప్రత్యర్థి మీద 60 శాతం అనుకోండి. మొదటి షెడ్యూల్‌లో 12 మంది బలహీనులే. అన్నీ గెలిచే అవకాశం 0.95ని 12 సార్లు గుణిస్తే వస్తుంది, 54 శాతం. రెండో షెడ్యూల్‌లో ఆరుగురు బలహీనులు, ఆరుగురు గట్టివాళ్లు. ఇక్కడ అదే టీము 12కి 12 గెలిచే అవకాశం 3 శాతం చిల్లర. 10 లేదా అంతకంటే ఎక్కువ గెలిచే అవకాశం 46 శాతం. అంటే గట్టి షెడ్యూల్‌లో రెండు ఓడిన టీము, మెత్తటి షెడ్యూల్‌లో ఒక్కటీ ఓడని టీము కంటే కాస్త కష్టమైన పనే చేసింది. ఎస్‌ఈసీ అభిమానులు ఎగిరి గంతేసే లోపు రెండో సగం కూడా చదవాలి: అదే గట్టి షెడ్యూల్‌లో 9 లేదా అంతకంటే ఎక్కువ గెలిచే అవకాశం 74 శాతం. మూడో ఓటమితో ఆ గొప్పంతా కరిగిపోతుంది. 2024 అలబామా విషయంలో మా షెడ్యూల్ గట్టిది అన్న వాదన నాకు ఎక్కకపోవడానికి కారణం ఇదే. వాండర్‌బిల్ట్ చేతిలో, 3 పాయింట్లకే ఆలౌట్ లాంటి ఓక్లహోమా మ్యాచ్‌లో ఓడిపోయాక షెడ్యూల్ మీద నెట్టేస్తే ఎలా?

2025 నుంచి కమిటీ కూడా ఇలాంటి కొలమానాన్నే, గట్టి ప్రత్యర్థులకి ఎక్కువ బరువు ఇచ్చే లెక్కని, తన దగ్గరున్న డేటాలో చేర్చుకుంది. మంచిదే. ఒక తిరకాసు మాత్రం ఉంది. నా లెక్కలో 95, 60 నేను పెట్టిన అంకెలు. నిజంలో ఎవరు గట్టి, ఎవరు బలహీనం అన్నది ఎక్కణ్నుంచి వస్తుంది? ర్యాంకింగ్ నుంచే. ర్యాంకింగ్ చెయ్యడానికి ర్యాంకింగ్ కావాలి. సీజన్ మొదట్లో పేరుని బట్టి పైన పెట్టిన టీముని ఓడించినవాళ్లకి గొప్ప గెలుపు అని మార్కులు పడతాయి, ఆ మార్కులతో వాళ్లు పైకొస్తే వాళ్ల చేతిలో ఓడినవాళ్లది గౌరవప్రదమైన ఓటమి అవుతుంది. ఒకే కాన్ఫరెన్స్‌లో ఈ చక్రం బాగా తిరుగుతుంది.

మరి కంప్యూటర్‌కి ఇచ్చేస్తే? ఇచ్చి చూశారండీ. 1998 నుంచి 2013 దాకా బీసీఎస్ అని నడిచింది, పోల్స్‌లో మనుషుల ఓట్లు, కంప్యూటర్ ర్యాంకింగ్స్ కలిపి మొదటి రెండు టీముల్ని తీసేవారు. 2003లో రెండు పెద్ద పోల్స్‌లోనూ యూఎస్‌సీ నంబర్ వన్, అయినా ఫైనల్‌కి ఎల్‌ఎస్‌యూ, ఓక్లహోమా వెళ్లాయి, ఆ ఓక్లహోమా సొంత కాన్ఫరెన్స్ ఫైనల్లో కాన్సస్ స్టేట్ చేతిలో 35-7తో ఓడి వచ్చింది. జనం కంప్యూటర్లని తిట్టిపోశారు, మరుసటి ఏడాది ఫార్ములాలో మనుషుల వాటా పెంచారు. అంతకు ముందే ఎన్ని పాయింట్ల తేడాతో గెలిచారన్నది కంప్యూటర్లు చూడకూడదని ఆంక్ష పెట్టారు, తేడాని లెక్కలోకి తీసుకుంటే టీములు బలహీనుల్ని చితక్కొట్టి స్కోరు పెంచుకుంటాయని భయం. న్యాయమైన భయమే, కానీ ఆ సమాచారం తీసేస్తే మోడల్ అంచనా వేసే శక్తి సగానికి పడిపోయినట్టే అనిపిస్తుంది నాకు.

కంప్యూటర్ అంటే నిష్పాక్షికం అనే భ్రమ కూడా పెట్టుకోకండి. అందులో ఏ ప్రశ్న అడగాలో రాసేది మనిషే. నాకిష్టమైనది కాలీ పద్ధతి అనే ర్యాంకింగ్ లెక్క, ఎందుకంటే బీసీఎస్‌లో వాడిన ఆరు కంప్యూటర్ ర్యాంకింగ్స్‌లో పూర్తి ఫార్ములా బయటపెట్టినది అదొక్కటే. ఇలా మొదలవుతుంది: గెలుపులకి ఒకటి కలిపి, మ్యాచులకి రెండు కలిపి భాగించాలి. 13కి 13 గెలిస్తే 14/15, అంటే 0.933. 13లో 12 గెలిస్తే 13/15, 0.867. ఆ తర్వాత ప్రత్యర్థుల రేటింగ్‌ని బట్టి అందరి అంకెల్నీ ఒకేసారి సర్దుతుంది. పేరు చూడదు, తేడా చూడదు, గాయాలు చూడదు. 2017లో ఒక్కటీ ఓడని సెంట్రల్ ఫ్లోరిడాని కమిటీ 12వ చోట పెడితే, ఆ టీము పీచ్ బౌల్‌లో ఆబర్న్‌ని 34-27తో కొట్టాక కాలీ పద్ధతి నంబర్ వన్ అంది. ఆ ఆబర్న్ అదే సీజన్‌లో, టైటిల్ ఫైనల్ ఆడిన అలబామానీ జార్జియానీ ఇద్దర్నీ ఓడించిన టీము.

ఫార్ములా బయట ఉండటం వల్ల లాభం ఏంటో 2010లో తెలిసింది. చిన్న డివిజన్ ప్లేఆఫ్ మ్యాచ్ ఒకటి, వెస్టర్న్ ఇలినాయ్, అపలాచియన్ స్టేట్‌ల మధ్యది, కాలీ డేటాలో ఎక్కలేదు. ఆ ఒక్క స్కోరు లేకపోవడంతో బీసీఎస్ తుది పట్టికలో ఎల్‌ఎస్‌యూ, బోయిజీ స్టేట్ 10, 11 స్థానాలు తారుమారయ్యాయి. బయటివాళ్లు మళ్లీ లెక్క కట్టి పట్టుకున్నారు, సరిదిద్దారు. మిగతా ఐదింటిలో ఎన్ని తప్పులు ఎవరికీ తెలియకుండా పోయాయో దేవుడికే తెలియాలి. కమిటీ గదిలో ఎవరు ఎవరికి ఓటేశారో మనకి తెలియదు కాబట్టి అక్కడి పొరపాట్లని పట్టుకునే దారే లేదు.

ముఖాముఖి ఫలితమే చూస్తే సరిపోతుంది కదా అనేవాళ్లని టెక్సస్‌లో 2008 గురించి అడగమంటాను, ఆ మాట ఎత్తితే మా ఆఫీసులో ఇప్పటికీ పని ఆగిపోతుంది. టెక్సస్ ఓక్లహోమాని 45-35తో ఓడించింది. టెక్సస్ టెక్ టెక్సస్‌ని 39-33తో ఓడించింది. ఓక్లహోమా టెక్సస్ టెక్‌ని 65-21తో ఓడించింది. ముగ్గురూ 11-1. బీసీఎస్ ర్యాంకుతో తేల్చి ఓక్లహోమాని బిగ్ 12 ఫైనల్‌కి పంపారు. ఇద్దరి మధ్య పనికొచ్చే నియమం ముగ్గురి మధ్య గిరగిరా తిరుగుతుంది.

ఇక నా సొంత అనుభవం. డాలస్ చుట్టుపక్కల మన తెలుగువాళ్ల టెన్నిస్ బాల్ క్రికెట్ లీగులు చాలా ఉన్నాయి. వాటిలో ఒకదానికి నన్ను లెక్కలు చూడమన్నారు. టీములు ఎక్కువ, గ్రౌండు దొరికేది వారాంతాల్లో, అందరూ అందరితో ఆడటం కుదరదు, అచ్చంగా ఇదే సమస్య. నేను వెళ్లేదాకా చివరి రెండు నాకౌట్ చోట్లు నిర్వాహకులు కూర్చుని ఫామ్ చూసి ఇచ్చేవారు. వాళ్లు నిజాయితీపరులే, అయినా ప్రతి ఏడూ వాట్సాప్ గ్రూపులో కులం, జిల్లా దాకా వెళ్లేది గొడవ. నేను గొప్ప మోడల్ ఏమీ పెట్టలేదు. ఒక పేజీ రాశాను, అంతే. ముందు పాయింట్లు. సమానమైతే, సమానమైన టీములన్నీ ఒకదానితో ఒకటి ఆడి ఉంటేనే ముఖాముఖి. లేదంటే ప్రత్యర్థుల గెలుపు శాతం. అప్పటికీ తేలకపోతే టాస్. మొదటి మ్యాచ్‌కి ముందే కెప్టెన్లందరి చేతా సంతకం పెట్టించాం. ఆ సీజన్‌లో అందరూ కప్పు కొడతారనుకున్న టీము ప్రత్యర్థుల శాతం దగ్గర కొద్దిలో పోయింది. కెప్టెన్ నాకు ఫోన్ చేసి ఈ రూల్ చెత్త రూల్ అని అరగంట వాయించాడు. మోసం అని మాత్రం ఒక్కసారీ అనలేదు. మరుసటి సీజన్‌కి ఆ రూల్ మార్చమని ప్రతిపాదన కూడా ఆయనే పెట్టాడు, కొంత మార్చాం కూడా.

టీవీ గురించి కూడా అడిగారు కాబట్టి రెండు మాటలు. ప్లేఆఫ్ ప్రసార హక్కులు ఈఎస్‌పీఎన్‌వి, 2031-32 సీజన్ దాకా ఆరేళ్లకి 780 కోట్ల డాలర్ల ఒప్పందం. ఎస్‌ఈసీ మ్యాచుల హక్కులూ వాళ్లవే, మంగళవారం ర్యాంకింగ్ షో కూడా వాళ్లదే. కమిటీకి ఫోన్ చేసి చెబుతారనడానికి ఆధారం ఏదీ నేను చూడలేదు. నాకు అభ్యంతరం ఆ షో మీదే. సీజన్ సగంలో ర్యాంకులు ప్రకటించడం వల్ల కమిటీ తన పాత మాటకి తానే కట్టుబడిపోతుంది, తర్వాత ఎవరైనా రెండు చోట్లు కదిలితే దానికో కథ చెప్పాలి. ఆఖరి రోజు ఒకే ఒక్క లిస్టు ఇస్తే నోటర్ డేమ్ గొడవ సగం ఉండేది కాదు. కానీ ఆ షోకి ప్రేక్షకులున్నారు, ఆపరు.

డబ్బు సంగతికొస్తే, 2024, 2025 సీజన్లలో 12 టీముల పద్ధతిలో ప్లేఆఫ్‌లో అడుగుపెట్టినందుకే ఒక్కో టీము తరఫున 40 లక్షల డాలర్లు కాన్ఫరెన్స్‌కి వెళ్లేవి, నోటర్ డేమ్ ఏ కాన్ఫరెన్స్‌లోనూ లేదు కాబట్టి తనకే మిగిలేవి. 2026 నుంచి మొత్తం ఆదాయంలో బిగ్ టెన్‌కీ ఎస్‌ఈసీకీ చెరో 29 శాతం, ఏసీసీకి 17, బిగ్ 12కి 15. అసలు అన్యాయం ర్యాంకుల్లో కంటే ఇక్కడే ఎక్కువ ఉందని నా అనుమానం, అది వేరే సమాధానం అవుతుంది, ఇప్పుడు వద్దు.

నాకు అధికారం ఇస్తే కమిటీని రద్దు చెయ్యను. ఆగస్టులోనే మేం అడిగేది రెండో ప్రశ్న అని రాసి పెట్టమంటాను, గాయాలు ర్యాంకుకి పనికిరావు, కావాలంటే సీడింగ్‌కి (ఎవరితో ఎవరు ఆడాలన్న వరసకి) వాడుకోండి అంటాను. ముఖాముఖి ఎప్పుడు వర్తిస్తుందో ఒక్క వాక్యంలో రాయించి, అది పక్కపక్కన ఉన్నారా లేదా అన్నదాని మీద ఆధారపడకుండా చూస్తాను. సొంత కాన్ఫరెన్స్ టీముల మీద ఓటు తీసేస్తాను. ఎవరి ఓటు ఎటు పడిందో సీజన్ అయ్యాక బయటపెట్టిస్తాను, సభ్యులకి బెదిరింపులు వస్తాయని దీనికి ఒప్పుకోరు, ఆ భయం ఉత్తిది కాదని నాకూ తెలుసు, పేర్లు లేకుండా అయినా ఇవ్వొచ్చు. ఇవన్నీ చేసినా 10, 11 మధ్య గీత దగ్గర ఎవరో ఒకరు ఏడుస్తారు. 16 టీములకి పెంచితే 17వ టీము ఏడుస్తుంది.

మీ రూమ్మేట్‌కి మాత్రం ఒక మాట చెప్పండి. 2026 నుంచి అమల్లోకి వచ్చే ఒప్పందంలో నోటర్ డేమ్ మొదటి 12లో ఉంటే చాలు, చోటు ఖాయం అని ఒక నిబంధన ఉంది. వాళ్లు 11లో నిలబడిన ఏడాదే అది లేకపోయింది. వేరే ఏ కాలేజీకీ అలా పేరు పెట్టి హామీ లేదు, కాబట్టి అన్యాయం గురించి ఆయన తర్వాతి ఉపన్యాసం మొదలుపెట్టే ముందు దీని గురించి ఏమంటాడో అడిగి చూడండి.